వెనకవి మర్చిపొమ్మంటారు, మరి బాకీ సంగతి?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. వయసు 41. తాతల నాటి నుంచి క్రైస్తవ సంఘంలో ఉన్న కుటుంబం. 2025 సీజన్‌కు తోతాపురి మామిడి తోటలు పూత మీదే గుత్తకు పట్టాను. ధర పడిపోయి మొత్తం పోయింది. పెట్టుబడికి బామ్మర్ది దగ్గర ప్రోనోటు మీద అప్పు తెచ్చాను. మా ఆవిడకు చెప్పకుండా ఆమె గాజులు కుదవ పెట్టాను. వేలం నోటీసు ఇంటికొచ్చాకే ఆమెకు తెలిసింది. ఇప్పుడు తిరుపతిలో ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తున్నాను. ‘దేవుడు క్షమించాడు, వెనకవి మర్చిపో’ అంటారు మా పాస్టరు అయ్యగారు. మా ఆవిడదీ అదే మాట, కానీ పెళ్లిళ్లకు రావడం మానేసింది. బామ్మర్ది ఎదురుపడతాడని ఊరి చర్చికి పోవడం లేదు. ఇక్కడ చర్చికి వెళ్లినా ప్రభు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే సంస్కారానికి, పోలేక వెనక బెంచీలోనే కూర్చుంటున్నాను. నెలల తరబడి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ఒక్కోసారి బతికి ఏం లాభం అనిపిస్తోంది. నాకు విశ్వాసం లేదంటారా?

జవాబు: చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారే, ‘బతికి ఏం లాభం’ అని, ముందు దాని సంగతి చూద్దాం. అది విశ్వాసం లేకపోవడమని ఎవరన్నా నమ్మకండి. ఇన్ని నెలలుగా నిద్ర లేకపోవడం, బతుకు మీద విరక్తి డిప్రెషన్ వల్ల కావచ్చు, దానికి వైద్యం ఉంది. మీరున్న తిరుపతిలోనే రుయా ఆస్పత్రిలో మానసిక వైద్యులు చూస్తారు. ఈ వారంలోనే వెళ్లండి. రాత్రిపూట ఆ ఆలోచన గట్టిగా పట్టుకుంటే మీ ఆవిడను లేపండి, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. బైబిల్లో ఏలీయా ప్రవక్త అంతటివాడు చెట్టు కింద కూర్చుని ‘ఇక చాలు, నా ప్రాణం తీసుకో’ అన్నాడు. దూత వచ్చి ఆయనకు రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. ప్రసంగం చేయలేదు.

ఇక అసలు విషయం. లెక్కలు రాసేవారు కాబట్టి మీకు తెలిసిన భాషలోనే చెబుతాను. నష్టాన్నీ దాపరికాన్నీ బాకీనీ కలిపి ఒకే పద్దు కింద రాసేసి, దానికి ‘నా పాపం’ అని పేరు పెట్టుకున్నారు. అందుకే ఎంత ప్రార్థన చేసినా అది తెగడం లేదు.

నష్టం పాపం కాదు. పూత మీద తోట పట్టేటప్పుడు కోత నాటి ధర ఎవరికీ తెలియదు. 2025లో కాయ విరగకాసింది, ఫ్యాక్టరీల దగ్గర పాత గుజ్జు నిల్వలు అలాగే ఉన్నాయి, గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దానిపై రైతుకు తాను 4 రూపాయలు ఇస్తానని ప్రభుత్వమే ముందుకు రావాల్సి వచ్చింది. జిల్లా అంతా దెబ్బతిన్న ఏడాది అది. మీ అంచనా తప్పింది, అంతే. దానికి క్షమాపణ అడగడమంటే చేయని నేరం ఒప్పుకోవడమే.

అయ్యగారు చెప్పిన ‘వెనకవి మర్చిపో’ అనే మాట బైబిల్లో అపొస్తలుడైన పౌలుది. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో ఆ మూడో అధ్యాయాన్ని మొదటి నుంచి ఒకసారి చదవండి. అక్కడ పౌలు ఏకరువు పెట్టి నష్టంగా ఎంచుకున్నవి చాలావరకు ఓటములు కావు, తన గొప్పలు: ఏ గోత్రంలో పుట్టాడు, ఎంత నిష్ఠగా బతికాడు అన్నవి. సంఘాన్ని హింసించిన సంగతి కూడా ఆ వరుసలోనే దాచకుండా చెప్పాడు. అంటే ఆయనకు జ్ఞాపకం పోలేదు, వాటిని పట్టుకుని తన విలువ కట్టుకోవడం మానేశాడు. మీరు ఏది వదలలేకపోతున్నారు? పోయిన డబ్బునా, లేక ఊళ్లో ‘తోటల వ్యాపారి’ అన్న పేరునా? కొంచెం నొప్పిగానే ఉంటుంది గానీ, మూడింటికి మెలకువ వచ్చినప్పుడు ముందు గుర్తొచ్చేది ఏదో గమనించుకోండి.

గాజుల సంగతి వేరు. అది తప్పే. మీ ఆవిడ క్షమించానన్నా పెళ్లిళ్లకు ఎందుకు రావడం లేదో మీరు అడిగారా? బోసి చేతులతో నలుగురిలోకి వెళ్లడం ఆమెకు కష్టమై ఉండొచ్చు, నోటీసు చూసి తెలుసుకోవాల్సి వచ్చిందన్న బాధ ఉండొచ్చు. ‘ధర పడిపోయింది’ అని మొదలుపెట్టకండి. ‘నీకు చెప్పకుండా తీశాను, నోటీసు వచ్చేదాకా దాచాను’ అనండి. తర్వాత ఆమె ఏమన్నా మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

ప్రభు బల్ల విషయంలో మీరు పొరబడ్డారని నా అభిప్రాయం. పౌలు కొరింథు సంఘంవాళ్లను మందలించింది, ఉన్నవాళ్లు ముందే తినేసి లేనివాళ్లను ఆకలితో కూర్చోబెట్టినందుకు. అక్కడ కూడా ఆయన చెప్పింది, తన్ను తాను పరీక్షించుకొని అప్పుడు తినమనే. పరీక్షించుకొని వెనక బెంచీకి పొమ్మని చెప్పలేదు. బాకీ తీరేదాకా ఆగుతానంటే అర్హతను డబ్బుతో కొన్నట్టవుతుంది. అయ్యగారితో ఒకసారి విడిగా మాట్లాడి, వచ్చే సంస్కారానికి వెళ్లండి.

ఇక బామ్మర్ది. దేవుడి క్షమాపణతో ఆయన నోటు చెల్లిపోదు. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా యేసు ఇంటికొచ్చాడన్న సంతోషంతో ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. మీరు అన్యాయంగా తీసుకోలేదు, నాలుగంతలూ అక్కర్లేదు. ఇవ్వాల్సింది ఇవ్వడం మొదలుపెడితే చాలు. చర్చి ఆవరణలో నలుగురి ముందు పట్టుకోకండి. ముందు ఫోన్ చేసి ఇంటికే వెళ్లండి, మీ ఆవిడకు ఇష్టమైతే ఆమెనూ తీసుకెళ్లండి. ఎంత చిన్న మొత్తమైనా సరే చేతిలో పెట్టి, నోటు వెనక మీ చేత్తోనే ఇంత ఇచ్చానని తేదీతో చెల్లు వేసి సంతకం పెట్టండి. ప్రోనోటు మీద కోర్టుకు వెళ్లడానికి మూడేళ్లే గడువు. ఆ లోపు చెల్లు పడితే ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. ‘పారిపోను’ అని పదిసార్లు చెప్పడం కంటే ఆ సంతకమే ఆయనకు ఎక్కువ భరోసా. ఆయన నాలుగు మాటలంటే పడండి, ఆ హక్కు ఆయనకుంది. నెలనెలా మీ జీతంలో ఇంటి ఖర్చులు పోగా నిజంగా మిగిలేది ఎంతో అంతే ఒప్పుకోండి. రోషానికి పోయి ఎక్కువ చెప్పి, రెండో నెలే తప్పించుకు తిరగొద్దు.