కాలేజీ బేస్‌బాల్ హెడ్ కోచ్ కావాలంటే ఏం ఎదురవుతుంది? ఒక తండ్రిగా నేను చూసింది

మీ ప్రశ్న చదవగానే తొమ్మిదేళ్ళ కిందటి మా వంటగది కళ్ళ ముందు కదిలింది. మీ అబ్బాయి అమెరికాలో కాలేజీ జట్టుకు క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునేవాడు) అని, ఈ ఏడాదితో చదువు పూర్తవుతుందని, ఉద్యోగాలు చూడకుండా కోచింగ్‌లోకి వెళ్ళి ఎప్పటికైనా హెడ్ కోచ్ అవుతానంటున్నాడని రాశారు. అది బతుకుతెరువు అవుతుందా, వద్దనమంటారా అని అడిగారు. మా పెద్దవాడు కూడా క్యాచరే. సరిగ్గా ఇదే మాట ఇదే వయసులో అన్నాడు. ఇప్పుడు వాడు మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న కాలేజీకి హెడ్ కోచ్. కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

నేను మొదట వద్దన్నాను. చేతిలో డిగ్రీ పెట్టుకుని జీతం లేని పనికి వెళ్తానంటే ఏ తండ్రి ఒప్పుకుంటాడు? జీతం లేని పని అని ఊరికే అనడం లేదు. 2023 దాకా డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) జట్లలో హెడ్ కోచ్ కాకుండా జీతం తీసుకునే అసిస్టెంట్లు ఇద్దరే ఉండాలి. మూడో మనిషిని వాలంటీర్‌గా పెట్టుకోవచ్చు, కానీ కాలేజీ అతనికి జీతం ఇవ్వకూడదు. వేసవిలో స్కూలు పిల్లలకు నడిపే క్యాంపుల డబ్బుతోనే అతను ఏడాదంతా నెట్టుకురావాలి. మావాడు రెండేళ్ళు ఆ మూడో మనిషిగా ఉన్నాడు. ఒకరి ఇంటి బేస్‌మెంట్‌లో గది. పగలు మైదానం, రాత్రి వీడియోలు చూసి ఎదుటి జట్టు పిచ్చర్ల (బంతి విసిరేవాళ్ళ) గురించి రాసుకోవడం. 2023 జులైలో ఆ నిబంధన తీసేశారు, ఆ మూడో స్థానానికీ జీతం ఇవ్వవచ్చన్నారు. మీ అబ్బాయికి ఆ గండం చాలావరకు తప్పినట్టే.

ఆ రోజుల్లో ఒక జనవరి ఉదయం నేను వాడి దగ్గరకు వెళ్ళాను. సీజన్ ఫిబ్రవరి మధ్యలో మొదలవుతుంది. ఇంకా తెల్లవారలేదు, గడ్డి మీద మంచు గట్టిగా ఉంది. వాడు ఫంగో బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. అది మామూలు బ్యాటు కన్నా పొడవుగా, సన్నగా, తేలికగా ఉంటుంది. ఫీల్డర్లకు బంతులు కొట్టి ఇవ్వడానికే దాన్ని తయారు చేస్తారు. ఎడమచేత్తో బంతిని కొద్దిగా ఎగరేసి నేలబారుగా కొట్టడం, మళ్ళీ ఎగరేయడం. ఒక్కొక్క కుర్రాడికి ఒక్కొక్క రకంగా కొడుతున్నాడు. ఒకడికి కుడివైపు, ఒకడికి కాళ్ళ దగ్గర ఎగిరేలా, ఇంకొకడికి మెల్లగా, వాడు ముందుకు పరుగెత్తి అందుకోవాల్సి వచ్చేలా. ఎందుకలా అని తర్వాత అడిగాను. "ఎవడికి ఏది రాదో అదే కొడతాను నాన్నా" అన్నాడు. చేతివేళ్ళకు చుట్టిన తెల్లటి టేపు నల్లబడిపోయింది. వద్దనే మాట ఆ తర్వాత నా నోట రాలేదు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు సంగతి. ఇది వృత్తా అంటే, ముమ్మాటికీ వృత్తే. కానీ చాలా నిదానంగా పండే చెట్టు. టిమ్ కార్బిన్ సంగతే చూడండి. 1988లో సౌత్ కరోలినాలోని ప్రెస్బిటీరియన్ అనే చిన్న కాలేజీలో మొదలుపెట్టారు. తర్వాత క్లెమ్సన్‌లో తొమ్మిది సీజన్లు అసిస్టెంట్. 2003 సీజన్ నుంచి నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్‌కు హెడ్ కోచ్. ఆ జట్టు మొదటిసారి జాతీయ టోర్నమెంటు ఆఖరి దశ అయిన, ఒమాహాలో జరిగే కాలేజ్ వరల్డ్ సిరీస్‌కు వెళ్ళింది 2011లో, గెలిచింది 2014లో. మొదలుపెట్టిన నాటి నుంచి లెక్కేస్తే ఇరవై ఆరేళ్ళు. 2019లో మళ్ళీ గెలిచారు. ఆ ఏడాది జట్టులో కుమార్ రాకర్ అనే పిచ్చర్ ఉన్నాడు, తల్లి వైపు భారతీయ మూలాలున్నవాడు. మొదటి ఏడాది విద్యార్థిగా ఉండగానే డ్యూక్ జట్టు మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రయిక్ అవుట్ చేశాడు. ఆ రోజు మా ఇంట్లో పండగే.

మరో వైపు మైక్ మార్టిన్. ఫ్లోరిడా స్టేట్‌లో 1980 నుంచి 2019 దాకా నలభై సీజన్లు హెడ్ కోచ్. 2,029 విజయాలు. నలభై ఏళ్ళలో ఒక్క ఏడాది కూడా జాతీయ టోర్నమెంటుకు దూరం కాలేదు. పదిహేడుసార్లు ఒమాహా వెళ్ళారు. టైటిల్ మాత్రం ఒక్కసారీ దక్కలేదు. ఆయనది విఫలమైన జీవితం అని ఎవరైనా అంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఎనిమిది జట్లు చేరే చోట పది రోజుల్లో తేలిపోయేదానికీ, నలభై ఏళ్ళు జట్టును ఆ స్థాయిలో నిలబెట్టడానికీ పోలిక లేదు. ఆయన తర్వాత కొడుకు అదే జట్టుకు హెడ్ కోచ్ అయ్యారు. మూడు సీజన్లకే తప్పించారు. మీ అబ్బాయి అడుగుపెట్టబోయేది ఆ కొడుకు చూసిన కాలంలోకి. ఈ మాట దాచడం మీకు అన్యాయం చేసినట్టవుతుంది.

పాతకాలం వేరు. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో రాడ్ డెడో 1942 నుంచి 1986 దాకా ఉండి 11 టైటిళ్ళు గెలిచారు. సొంత లారీల వ్యాపారం ఉండేది కాబట్టి నామమాత్రంగా ఏడాదికి ఒక్క డాలర్ జీతం తీసుకునేవారు. ఇప్పుడు పెద్ద జట్ల కోచ్‌ల జీతాలు ఏటా పది లక్షల డాలర్లు దాటాయి. టెనెసీకి 2024లో టైటిల్ తెచ్చిన టోనీ విటెల్లో, ప్రొఫెషనల్ జట్టుకు ఎన్నడూ కోచింగ్ ఇవ్వకుండానే, 2025 అక్టోబరులో నేరుగా శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు మేనేజరు (అక్కడ హెడ్ కోచ్‌ను అలా అంటారు) అయ్యారు. ఇవి విని మీ అబ్బాయి కళ్ళు మెరుస్తాయి, మెరవనివ్వండి. అయితే ఆ మెట్టు మీద ఉన్నవాళ్ళు కొద్దిమందే. మావాడి జీతం ఒక హైస్కూలు టీచరు జీతానికి దగ్గరగా ఉంటుంది. దానితో సంసారం నడుపుకుంటున్నాడు.

ఆటగాడికి కనిపించనిది, కోచ్‌ను నిద్రపోనివ్వనిది మైదానం బయటి పని. డివిజన్ వన్‌లో మొన్నమొన్నటి దాకా జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్పులే ఉండేవి. వాటిని గరిష్ఠంగా 27 మందికి, ఒక్కొక్కరికీ కనీసం నాలుగో వంతు అందేలా పంచాలి. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడికి పూర్తి చదువు ఉచితంగా వచ్చే కాలేజీలోనే, మంచి పిచ్చర్ తల్లిదండ్రులతో "మీ అబ్బాయికి ముప్పై శాతం ఇవ్వగలను" అని కోచ్ చెప్పాలి. 2025-26 నుంచి లెక్క మారింది. కోర్టు కేసులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలు ఎన్ని స్కాలర్‌షిప్పులైనా ఇవ్వవచ్చు, కానీ జట్టులో 34 మందిని మించి ఉండకూడదు. డబ్బున్న కాలేజీకి అది వరం, లేనివాళ్ళకు ఇంకో కష్టం. దీనికి తోడు, రెండేళ్ళు వెంటపడి ఒప్పించిన కుర్రాడిని జులైలో జరిగే డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో) ఏదో ఒక జట్టు ఎత్తుకుపోవచ్చు. ఉన్నవాడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టి వేరే కాలేజీకి వెళ్ళిపోవచ్చు. కోచ్‌లు కూడా అలాగే కదులుతున్నారు. 2024లో టెక్సస్ ఏ అండ్ ఎం జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్ళిన జిమ్ ష్లాస్‌నాగిల్, ఆ ఫైనల్ ముగిసిన మరునాడే బద్ధ శత్రువైన టెక్సస్ జట్టుకు వెళ్ళారు.

మావాడి కాలేజీ డివిజన్ త్రీ. అక్కడ ఆట పేరుతో స్కాలర్‌షిప్పే ఉండదు. నేల చదును చేసేదీ వాడే, ప్రయాణానికి బస్సు మాట్లాడేదీ వాడే, పాత విద్యార్థులకు ఫోన్ చేసి కొత్త నెట్‌లకు విరాళం అడిగేదీ వాడే. కిందటి ఏప్రిల్‌లో మేము వెళ్ళినప్పుడు రాత్రంతా వాన. తెల్లవారుజామున నేనూ వెళ్ళి పిచ్చర్ నిలబడే దిబ్బ మీద కప్పిన పట్టా పట్టుకున్నాను. అంచు ఎత్తగానే మడతలో నిలిచిన నీళ్ళు జారి నా బూట్లలోకి వచ్చాయి. వాడు నన్ను పక్కకు జరగమని, ఆ నీళ్ళు దిబ్బ వైపు వెళ్ళకుండా పారతో మట్టిలో చిన్న కాలువ తీశాడు. చిన్నప్పుడు ఊళ్ళో మా నాన్న మడికి నీళ్ళు మళ్ళించినట్టే తీశాడు. వాడు మా నాన్నను పొలంలో ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆట మొదలైంది.

అన్నిటికన్నా కష్టమైన పని ఇంకొకటి ఉంది. ఏటా శరదృతువులో కొందరు కుర్రాళ్ళకు జట్టులో చోటు లేదని చెప్పాలి. పదిహేనేళ్ళుగా ఆ ఆటే ప్రాణంగా బతికిన పిల్లవాడికి, బహుశా వాడి ఆట ఆ రోజుతో ముగిసిందని చెప్పడమే అది. మావాడు ఆ మాట ఈమెయిల్‌లో రాయడు. ఆఫీసుకు పిలుస్తాడు. బల్లకు అవతల కూర్చోకుండా రెండు కుర్చీలు ఒకే వైపు వేస్తాడు. ఒకసారి వాడు ఆ పని ముగించుకుని ఫోన్ చేసినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ ఫోన్ పెట్టేయలేదు. చివరికి "వాడు నాకు థాంక్స్ చెప్పి వెళ్ళాడు నాన్నా" అన్నాడు. ఆ కుర్రాడే ఇప్పుడు వాడి దగ్గర వీడియోలు, గణాంకాలు చూస్తున్నాడు.

అందుకే మీ అబ్బాయిని బేస్‌బాల్ అంటే ఎంత ఇష్టమని అడగకండి. అది ఉందని మీకూ తెలుసు. తన కన్నా బాగా ఆడేవాడికి బంతులు అందిస్తూ, తనకు చప్పట్లు లేకుండా పదేళ్ళు ఉండగలడా అని అడగండి. క్యాచర్లకు ఈ పని కొంత అలవాటే. మైదానంలో మిగిలిన ఎనిమిది మందినీ ఎదురుగా చూస్తూ కూర్చునేది క్యాచర్ ఒక్కడే, అందరి పనీ వాడికి తెలియాలి. పెద్ద లీగుల్లోనూ మేనేజర్లుగా మాజీ క్యాచర్లు చాలామంది కనిపిస్తారు.

ఉండగలనంటే, ఇప్పుడే చేయాల్సింది ఒకటుంది. తన హెడ్ కోచ్ దగ్గరకు వెళ్ళి ఈ వేసవి క్యాంపుల్లో పని అడగమనండి. అడగడం సీజన్ మొదట్లోనే, ఫిబ్రవరిలోనే జరగాలి. మే వచ్చేసరికి ఆయన మనసంతా టోర్నమెంటు మీద ఉంటుంది, క్యాంపుల్లో చోట్లు నిండిపోతాయి. మాస్టర్స్ చదువుతూ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరే దారి కూడా ఉంది. ఫీజు తగ్గుతుంది, ఒకవేళ ఇది కుదరకపోతే చేతిలో ఇంకో డిగ్రీ ఉంటుంది. మావాడికి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. వీసా మీద చదువుతున్నవాడైతే ఏ క్యాంపుకైనా, జీతం లేనిదైనా సరే, ఒప్పుకునే ముందు కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని తప్పకుండా అడగమనండి. వాడు ఏమన్నాడో ఇక్కడ రాయండి. కావాలంటే మావాడితో మాట్లాడిస్తాను, ఆదివారం సాయంత్రాలు వాడికి కాస్త తీరిక ఉంటుంది.