పడవ కన్సోలు మారిస్తే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది భీమునిపట్నం. ఉద్యోగరీత్యా హైదరాబాద్‌ హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డాను. సెలవుల్లో సముద్రంలోకి వెళ్లి గాలం వేయడం నాకూ నా బావమరిదికీ ఎప్పటి నుంచో ఇష్టం. ఇద్దరం కలిసి విశాఖ వైపు ఒక యార్డులో 22 అడుగుల ఫైబర్ బోటుకు ఆర్డరిచ్చాం. స్టీరింగు, మీటర్లు ఉండే దిమ్మె (కన్సోలు) మధ్యలో ఉండి, అక్కడ నిలబడి నడిపే సెంటర్ కన్సోలు రకం. ధర 18 లక్షలు. 13.5 లక్షలు కట్టాం. మిగతాది సముద్రంలో నడిపి చూపించి అప్పగించినప్పుడు ఇవ్వాలని ఒప్పందం. ఇప్పుడు యార్డువారు కొత్త అచ్చుతో కన్సోలు చేస్తామంటున్నారు. పాతదానికన్నా వెడల్పు, ఒక అడుగు ఎత్తు ఎక్కువ, కొంత వెనక్కి జరుగుతుంది, పైన అల్యూమినియం కప్పు వస్తుంది, అదనంగా 85 వేలు ఇవ్వాలంటున్నారు. ‘తయారీదారు డిజైన్‌లో స్వల్ప మార్పులు చేయవచ్చు’ అని ఒప్పందంలో ఉంది. వాళ్లు వాట్సాప్‌లో పంపిన ఫొటోకు బావమరిది బొటనవేలు గుర్తు (👍) పెట్టాడు. కన్సోలు లోపల టాయిలెట్ కూడా పెట్టిద్దామని, మనం వెళ్లని రోజుల్లో పర్యాటకులను ఎక్కించుకుందామని అంటున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు. ఒప్పుకోవాలా? రేపు ప్రమాదం జరిగితే ఎవరు బాధ్యులు? వివాదాలన్నీ విశాఖ కోర్టుల్లోనే అని రాసి ఉంది. హైదరాబాద్‌లో కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, హిమాయత్‌నగర్

జవాబు: మీ భయానికి కారణం ఉంది. మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు ఒకే విషయం మీద ఆధారపడి ఉంది: ఈ మార్పు ఎవరి మాట మీద, ఎవరి తెలివి మీద నమ్మకంతో జరుగుతోందో మీ దగ్గరున్న కాగితాలు చూపించగలగాలి. ఇవాళ అవి చూపించడం లేదు. కన్సోలు అచ్చులోకి వెళ్లకముందే దాన్ని సరిచేసుకోండి.

ముందు ‘స్వల్ప మార్పు’ సంగతి. అతుకుల రంగు, తలుపు బందులు, మీటరు కంపెనీ మారితే స్వల్పం అనవచ్చు. కన్సోలు మారితే అలా అనలేం. ఈ రకం బోటును జనం కొనేదే కన్సోలుకు రెండు పక్కలా నడవడానికి దారి ఉంటుందని, చేప గాలానికి పడ్డాక కర్ర పట్టుకుని దాని వెంట బోటు చుట్టూ తిరగవచ్చని. కన్సోలు వెడల్పయితే ఆ దారి ఇరుకవుతుంది. ఎత్తయితే నడిపేవారికి ముక్కు ముందు నీరు ఎంతవరకు కనబడుతుందో మారుతుంది. వెనక్కి జరిపితే, ఇంజిన్ బరువు ఎలాగూ వెనకే ఉంది కాబట్టి, బోటు ముక్కు పైకి లేచి పరుగు అందుకోవడం ఆలస్యం కావచ్చు. చాలా నమూనాల్లో ఇంధనం ట్యాంకు కన్సోలు కిందే ఉంటుంది. కన్సోలును జరిపితే రేపు ఆ ట్యాంకు మరమ్మతుకు చెయ్యి దూరే దారి ఉంటుందా, స్టీరింగు కేబుళ్ల పొడవు సరిపోతుందా అన్నవి కూడా చూడాలి. పైన కప్పు వేస్తే ఎత్తులో బరువు చేరుతుంది, గాలి పట్టే చోటూ పెరుగుతుంది. ఇన్ని మారుస్తున్నదాన్ని ఏ న్యాయస్థానమైనా ‘స్వల్పం’ అంటుందని నేను అనుకోను.

భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 62వ సెక్షను ప్రకారం ఒప్పందాన్ని మార్చాలంటే రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. మౌనం ఒప్పుదల కాదు. అయితే బొటనవేలు గుర్తు మౌనం కిందకు రాదు. ఇద్దరూ సంతకం చేసిన ఒప్పందాన్ని ఒకరి గుర్తు మార్చేసిందని వాదించడం యార్డుకు తేలిక కాదు. కానీ మీరు హైదరాబాద్‌లో ఉన్నారు, అక్కడి వ్యవహారమంతా ఆయనే చూస్తున్నారు, కాబట్టి మీ తరఫున కూడా ఆయనే ఒప్పుకున్నారని వాళ్లు తప్పకుండా అంటారు. అందుకే ఈ రోజే ఇద్దరి పేర్లతో, అదే వాట్సాప్‌లోనూ ఈమెయిల్‌లోనూ ఒక సందేశం పంపండి: ‘ఫొటో చూశాం. అది మార్పుకు అంగీకారం కాదు. రాతపూర్వకంగా ఇద్దరం సంతకం చేసేవరకు పాత డ్రాయింగు ప్రకారమే పని జరగాలి’. పాత సందేశాలు ఏవీ తుడిచేయకండి, ఫోను మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షను కింద తగిన ధ్రువపత్రం జతచేస్తే ఆ సంభాషణ సాక్ష్యంగా చెల్లుతుంది. మీకు అనుకూలమైనవి, వ్యతిరేకమైనవి రెండూ ఉంటేనే దానికి విలువ.

ఇక అసలు మెలిక. వస్తు విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షను కొనుగోలుదారుకు మంచి రక్షణ ఇస్తుంది. ఫలానా పనికి కావాలని మీరు చెప్పి, అమ్మేవారి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, వస్తువు ఆ పనికి పనికొచ్చేలా ఉండి తీరాలి. ఇందులో ‘నమ్మి’ అన్న మాటే ప్రాణం. టాయిలెట్ పెట్టండి, ఇంత ఎత్తు చేయండి అని మీరే కొలతలిచ్చి చేయించుకుంటే, రేపు బోటు పక్కకు ఒరుగుతోందని మీరు వెళ్లినప్పుడు ‘మీరు చెప్పినట్టే చేశాం’ అన్న ఒక్క మాటతో యార్డు తప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అదే మార్పును యార్డే ప్రతిపాదించి, సురక్షితమని సంతకం పెట్టి చేస్తే భారం వాళ్ల మీదే నిలుస్తుంది. అందువల్ల మీ బావమరిది గారి టాయిలెట్ ఆలోచనను ఇప్పటికి పక్కన పెట్టమని గట్టిగా చెబుతున్నాను. ఇరవై రెండు అడుగుల బోటులో మనిషి కూర్చునేంత గది కన్సోలులో చేయాలంటే వెడల్పు, ఎత్తు ఇంకా పెరగాలి. ఆ కోరిక మీ నోటి నుంచి వచ్చినట్టు రికార్డయితే చట్టపరంగా నష్టపోయేది మీరే.

యార్డు ప్రతిపాదించిన మార్పులన్నీ చెడ్డవని నేను అనడం లేదు. ఎండకూ వానకూ కప్పు నిజంగా ఉపయోగమే. ఒప్పుకోవాలనుకుంటే మాత్రం ముందు యార్డుకు వెళ్లి, పాత డ్రాయింగు పట్టుకుని, డెక్కు మీద ప్లైవుడ్ ముక్కలతో కొత్త కన్సోలు ఆకారాన్ని అసలు కొలతల్లో నిలబెట్టించండి. స్టీరింగు ఉండే చోట మీరు, మీ బావమరిది ఇద్దరూ నిలబడి ముందుకు చూడండి. గాలం కర్ర చేతిలో పట్టుకుని రెండు వైపులా ఒకరినొకరు దాటి నడవండి. టేపు పెట్టి దారి వెడల్పు, డెక్కు నుంచి కన్సోలు ఎత్తు, వెనక పలక నుంచి కన్సోలు దూరం కొలిచి, టేపు కనబడేలా ఫొటోలు తీయండి. ఈ అంకెలే మార్పు పత్రంలోకి ఎక్కాలి. ‘కొంత వెనక్కి’, ‘కాస్త ఎత్తు’ వంటి మాటలతో రాసిన పత్రం వినియోగదారుల కమిషన్ ముందు దేనికీ కొరగాదు.

ఆ పత్రంలోనే మరో రెండు షరతులు ఉండాలి. ఒకటి, ఈ మార్పు యార్డు ప్రతిపాదించినదని, దీనివల్ల బోటు నిలకడ తగ్గదని వాళ్లు హామీ ఇస్తున్నారని, గ్యారంటీ పాత గడువు ప్రకారమే కొనసాగుతుందని స్పష్టమైన వాక్యం. రెండోది, అప్పగించే ముందు నిలకడ పరీక్ష. నిశ్చలమైన నీటిలో తెలిసిన బరువును ఒక పక్కకు జరిపి బోటు ఎంత ఒరిగిందో కొలిచే పరీక్ష అది. కప్పు బిగించాకే చేయాలి. లేకపోతే చేసినా ప్రయోజనం లేదు. దాన్ని చూడటానికి యార్డుతో సంబంధం లేని నిపుణుడిని పెట్టుకోండి. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖలో పరిశోధన కేంద్రం ఉంది. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ ప్రాంగణంలో నౌకా నిర్మాణ శాస్త్రం చెబుతారు. అక్కడ అడిగితే తగిన మనిషి దొరుకుతారు. ఆ ఫీజు మీకు 85 వేల కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రమాదం మాట కొస్తే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 84వ సెక్షను ప్రకారం డిజైన్ లోపం వల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యుడు. ఒంటికి తగిలిన గాయం, ప్రాణనష్టం, ఇతర ఆస్తి నష్టం ఈ ‘హాని’ కిందకు వస్తాయి. బోటుకే జరిగిన నష్టం మాత్రం రాదు, దానికి గ్యారంటీ కిందే అడగాలి. అయితే 87వ సెక్షను ఒక తలుపు తెరిచి ఉంచింది: హాని జరిగే నాటికి వస్తువును మార్చి ఉంటే అమ్మినవారి మీద ఆ దావా నిలవదు. కాబట్టి బోటు ఇంటికి తెచ్చుకున్నాక బయటి ఫైబర్ మేస్త్రీ చేత కన్సోలు ఎత్తించడం, కప్పు బిగించడం, డెక్కుకు కొత్త రంధ్రాలు చేయించడం వద్దు. ఆ రంధ్రాల్లోంచి నీరు లోపలి చెక్కలోకి దిగితే డెక్కు కుళ్లుతుంది, అప్పుడు గ్యారంటీ గొడవ వేరే మొదలవుతుంది. బీమా తీసుకునేటప్పుడు కూడా కప్పు, కన్సోలు మార్పు దాచవద్దు. సముద్ర బీమా చట్టం, 1963లోని 20వ సెక్షను కింద ముఖ్యమైన విషయాలన్నీ ముందే వెల్లడించాలి. దాచినట్టు తేలితే బీమా కంపెనీ ఆ పాలసీనే రద్దు చేయవచ్చు.

పర్యాటకుల ఆలోచన గురించి నాకు చాలా ఆందోళనగా ఉంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయింది. పోయినవారిలో మన హైదరాబాద్ వాళ్లూ, వరంగల్ వాళ్లూ ఉన్నారు. డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోవడానికి అనుమతులు, లైఫ్ జాకెట్లు, అర్హత గల సరంగు, ప్రయాణికుల బీమా అన్నీ వేరు. సొంత సరదాకు కొన్న బోటుకు అవేవీ ఉండవు. మీ కేసుకూ ఇది పెద్ద దెబ్బ. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొని వాడుకునేవారికి మినహాయింపు ఉంది. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే ఇది ఒక్కో కేసు వాస్తవాలను బట్టి తేల్చాల్సిన విషయమని చెప్పింది. ఉద్యోగం చేసుకుంటూ, తీరిక రోజుల్లో బోటును అద్దెకు తిప్పుదామనుకునే మీకు ఆ మినహాయింపు వర్తించడం కష్టం. యార్డుకు పంపిన సందేశాల్లో పర్యాటకుల ప్రస్తావన ఇప్పటికే ఉంటే నాకు గానీ, మీ న్యాయవాదికి గానీ ముందే చెప్పండి.

సొంతానికే వాడుకుంటే మీరు హైదరాబాద్‌లోనే కేసు వేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టంలోని 34వ సెక్షను ఫిర్యాదుదారు నివసించే చోట కూడా వేసే హక్కు ఇచ్చింది. ఒప్పందంలో విశాఖ అని రాసుకున్నంత మాత్రాన చట్టమిచ్చిన ఆ హక్కు పోదని వాదించడానికి మీకు బలమైన ఆధారం ఉంది. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్ సరిపోతుంది. 10 నుంచి 20 లక్షల మధ్య సొమ్ముకు ఫీజు 400 రూపాయలు. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. ‘స్వల్ప మార్పుల’ షరతునే అన్యాయమైనదిగా కొట్టేయించాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీ కేసులో అంతదూరం అవసరం రాదనుకుంటున్నాను. ఇది అమ్మకం కాదు, పని ఒప్పందం, కాబట్టి వస్తు విక్రయ చట్టం వర్తించదు అని యార్డు అంటే, హిందుస్థాన్ షిప్‌యార్డ్ కేసులో 2000లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. మన విశాఖలోనే కట్టిన ఓడల గురించి, అవి అమ్మకపు ఒప్పందాలేనని అందులో చెప్పారు. ఒకవేళ సేవ అన్నా వినియోగదారుల చట్టం నుంచి యార్డు తప్పించుకోలేదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది అప్పగించే రోజున. మీరు అంగీకరించని కన్సోలుతో బోటును జెట్టీకి తెచ్చి, ‘ఎలాగూ వచ్చారు, ఒకసారి వేటకు వెళ్లి రండి’ అంటారు. వెళ్లకండి. వస్తు విక్రయ చట్టంలోని 41వ సెక్షను పరిశీలించే హక్కు మీకిచ్చింది. యార్డు మనిషి నడుపుతుండగా పరీక్ష కోసం ఎక్కండి, అంతే. డబ్బు కట్టేసి, మీ సామాను పెట్టుకుని సొంత వేటకు తీసుకెళితే 42వ సెక్షను కింద అంగీకరించినట్టవుతుంది. ఆ తర్వాత ఆ చట్టం కింద బోటును తిరస్కరించే హక్కు పోయి, నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగులుతుంది. రసీదు మీద ‘అన్ని విధాలా సంతృప్తిగా స్వీకరించాను’ అని అచ్చు వేసి ఉంటే దాన్ని కొట్టేసి, తేడాలు రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. మిగిలిన 4.5 లక్షలు అప్పగింతతో పాటే ఇవ్వాల్సినవి కాబట్టి, ఒప్పందం ప్రకారం బోటు ఇచ్చేవరకు వాటిని ఆపుకోవడం మీ హక్కు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ రోజుల్లో యార్డులన్నీ పాత బోట్ల మరమ్మతులతో నిండి ఉంటాయి. కొత్త కన్సోలుకు ఒప్పుకున్నా, పాతదే కావాలన్నా, అప్పగించే తేదీని మాత్రం ఈ నిషేధాన్ని లెక్కలోకి తీసుకుని మళ్లీ రాయించుకోండి.

సందేశానికి వారం రోజుల్లో జవాబు రాకపోతే ఇద్దరి సంతకాలతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పాత డ్రాయింగు నకలు, చెల్లింపుల రసీదులు, ఆ ఫొటో, దాని కింద ఉన్న బొటనవేలు గుర్తు, ఆ తర్వాత మీరు పంపిన సందేశం అన్నీ జతచేయండి. 1915 నంబరుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయించండి. కొన్నిసార్లు అక్కడే రాజీ కుదురుతుంది.