అట్టపెట్టెలో దొరికిన గేమ్‌ని అమ్ముకోవచ్చా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది అనంతపురం. మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. పాత వీడియో గేములు సేకరించడం నా పిచ్చి. పోయిన నెల చిక్కపేట సండే బజార్‌లో పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర ఎనిమిది వందలకి ఒక అట్టపెట్టె కొన్నాను. పైన కేబుళ్లు, చెడిపోయిన కంట్రోలర్లు. అడుగున కొన్ని డీవీడీ-ఆర్‌లు. వాటి మీద మార్కర్‌తో గేమ్ పేరు, తేదీ, ‘రివ్యూ బిల్డ్, బయటికి ఇవ్వరాదు’ అని రాసి ఉంది. రివ్యూ బిల్డ్ అంటే పరిశీలించడానికి ఇచ్చే గేమ్ కాపీ. ఒకటి నడిపి చూస్తే మార్కెట్‌లోకి ఎప్పుడూ రాని కార్ రేసింగ్ గేమ్! సగం ట్రాకులకి రంగులే వెయ్యలేదు. ఫొటోలు పెడితే విదేశాల్లో ఉన్న ఒక కలెక్టర్ లక్షన్నర ఇస్తానన్నాడు. షరతు ఒక్కటే, కాపీ ఎవరికీ ఇవ్వకూడదట. అమ్మేయనా? మా రూమ్మేట్ ఇది దొంగసొత్తు, కేసవుతుందని ఒకటే టెన్షన్ పెడుతున్నాడు.
— పేరు వద్దు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: తమ్ముడూ, మీ రూమ్మేట్‌ని తిట్టకండి. అతను అడగాల్సిందే అడిగాడు, కాకపోతే జవాబు కూడా తనే చెప్పేశాడు.

మీరు కొన్నది డిస్కుని. అందులో ఉన్న గేమ్‌ని కాదు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని కూడా సాహిత్య రచనల లెక్కలోనే వేసింది. కంపెనీ మూతపడ్డా, దివాలా తీసినా ఆ హక్కు గాల్లో కలిసిపోదు. ఆస్తులతో పాటు ఎవరో ఒకరి చేతికి వెళ్తుంది. కాబట్టి ఆ గేమ్‌ని కాపీలు కొట్టి అమ్మే హక్కు మీకు లేదు. ఆ ఒక్క డిస్కుని వస్తువుగా అమ్మడం వేరే సంగతి. అది మీ చేతికి సరైన దారిలో వచ్చిందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. దొంగసొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరమే. అయితే ‘బయటికి ఇవ్వరాదు’ అని రాసి ఉన్నంత మాత్రాన దొంగసొత్తు అయిపోదు. ఇదే ఊళ్లో నేను గేమ్ టెస్టర్‌గా చాలాకాలం పనిచేశాను. టెస్టింగ్‌కి వచ్చే ప్రతి డిస్కు మీదా ఆ ముక్క ఉండేది, క్యాంటీన్‌లో ఇడ్లీతో పాటు చట్నీ వచ్చినట్టు. ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు ఏం జరుగుతుందో కూడా కళ్లారా చూశాను. స్క్రాప్ వాడికి కిలోల లెక్కన బీరువాలు అప్పజెప్పేస్తారు. సొరుగు లాగి చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

కాబట్టి వచ్చే ఆదివారం ఆ అమ్మినాయన దగ్గరికే వెళ్లి సరుకు ఎక్కణ్నించి వచ్చిందో అడగండి. ‘ఫలానా ఆఫీసు మూసేస్తే టెండర్‌లో తెచ్చాను సార్’ అంటే ఒక దారి. నసిగితే ఇంకో దారి, అప్పుడు అమ్మకం ఊసే ఎత్తకండి.

ఈ రెండు దారులకీ పేరున్న ఉదాహరణలే ఉన్నాయి. 1990ల మొదట్లో జపాన్ కంపెనీలు నింటెండో, సోనీ కలిసి సీడీలతో నడిచే ఒక గేమ్ మెషీన్ చేయబోయి తెగదెంపులు చేసుకున్నాయి. దాని ప్రోటోటైప్, అంటే విడుదలకి ముందు చేసిన నమూనా, ఒకటి అమెరికాలో దివాలా తీసిన ఒక కంపెనీ సామాను వేలంలో, మిగతా వస్తువుల మధ్య కలిసిపోయి అమ్ముడైంది. కొన్నాయనకి తన దగ్గర ఏముందో ఏళ్లపాటు తెలియదు. అదే మెషీన్ 2020 మార్చిలో వేలంలో 3,60,000 డాలర్లు పలికింది. మన డబ్బుల్లో రెండున్నర కోట్లు దాటింది. వేలంలో కొన్న సొత్తు కాబట్టి ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. రెండోది 2017 సంగతి. ఆన్‌లైన్‌లో కొన్న పాత సామాను పెట్టెలో ఒకతనికి స్టార్‌క్రాఫ్ట్ గేమ్ అసలు సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూల ప్రోగ్రామ్, ఉన్న డిస్కు దొరికింది. దాన్ని నెట్‌లో పెట్టెయ్యమని కొందరు, అమ్ముకోమని కొందరు ఎగదోశారు. ఆ గేమ్ చేసిన బ్లిజార్డ్ కంపెనీ లాయర్ల నుంచి కబురొచ్చాక అతను తిరిగి పంపించేశాడు. వాళ్లు కేసు పెట్టలేదు సరికదా, గేములిచ్చి, తమ వార్షిక ఉత్సవానికి ఖర్చులు పెట్టి పిలిచారు. సోర్స్ కోడ్ అంటే వంటకం కాదు, వంటింటి తాళంచెవి. మీ దగ్గరున్నది ఆడుకునే బిల్డ్ కాబట్టి అంత తీవ్రం కాదు. అయినా డిస్కులన్నీ తెరిచి చూడండి. ఏ ఒక్కదాన్లోనైనా సోర్స్ కనిపిస్తే దాన్ని అమ్మే సరుకులోంచి తీసి పక్కన పెట్టండి.

ఇక ఆ షరతు. నాకు మీ పెట్టె కంటే ఆ పెద్దమనిషి పెట్టిన షరతే ఎక్కువ నచ్చలేదు.

డీవీడీ-ఆర్ మీద డేటాని పట్టి ఉంచేది ఒక రంగు పొర. ఎండకీ, వేడికీ, తేమకీ అది పాడవుతుంది. ఇంకా పాత కార్ట్రిడ్జ్ (గేమ్ చిప్పు ఉండే ప్లాస్టిక్ డబ్బా) ప్రోటోటైప్‌లలో ఈప్రామ్ చిప్పులు, అంటే చెరిపి మళ్లీ రాయగల చిప్పులు, ఉంటాయి. వాటి నడుమ చిన్న గాజు కిటికీ, దాని మీద ఒక స్టిక్కర్. ఆ కిటికీలోంచి అల్ట్రావయొలెట్ కిరణాలు పంపితే చిప్పు ఖాళీ అయిపోతుంది, వాటిని చెరిపే పద్ధతే అది. స్టిక్కర్ ఊడి ఎండలో పడి ఉన్నా మెల్లగా అదే జరుగుతుంది. ఏమీ చెయ్యకుండా చీకట్లో పెట్టినా దశాబ్దాల మీద లోపలి ఛార్జ్ కారిపోతూనే ఉంటుంది. ఆ కలెక్టర్ బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన వారసులు తీసి చూస్తే డిస్కు ఉంటుంది, గేమ్ ఉండదు. అలాంటి గేముల కోసం రాత్రిళ్లు మేలుకున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్ల పేర్లు ఏ డబ్బా మీదా రాలేదు.

కాపీ బయటికొస్తే ధర పడిపోతుందని కలెక్టర్ల భయం. పూర్తిగా ఉత్త భయం అనను. ‘నా ఒక్కడి దగ్గరే ఉంది’ అన్నమాటకి కట్టే ధర కొంత తగ్గొచ్చు. కానీ ఇందాక చెప్పిన నింటెండో-సోనీ మెషీన్ సంగతే చూడండి. దాన్ని ఊరూరా ప్రదర్శనలకి తిప్పారు, కెమెరా ముందు విప్పి రిపేరు చేశారు, లోపల ఏముందో లోకమంతా చూసింది. ఆ తర్వాతే ఆ రేటు పలికింది. నింటెండో వాళ్ల ‘మదర్’ గేమ్ ఇంగ్లిష్ వెర్షన్ 1990 ప్రాంతంలోనే తయారై మూలన పడిపోయింది. దాని ప్రోటోటైప్ బయటపడితే అభిమానులు చందాలు వేసుకుని మరీ 1998లో అందులోని డేటా తీయించారు. ఆ ఆట 2015లో అధికారికంగానే విడుదలైంది. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక లెక్క తేల్చింది. అక్కడ విడుదలైన పాత గేముల్లో 87 శాతం అప్పటికే మార్కెట్‌లో దొరకడం లేదు. విడుదలైన వాటికే ఆ గతి పడితే, విడుదల కాని వాటిని ఎవరు చూస్తారు?

కాబట్టి నా మాట: డిస్కుల్ని మళ్లీ మళ్లీ నడపడం ఆపండి. మంచి డ్రైవ్‌లో పెట్టి ఒక్కొక్కదానికీ పూర్తి ఇమేజ్, అంటే డిస్కులో ఉన్నది ఉన్నట్టు కాపీ, తీయండి. రెండుసార్లు తీసి, రెండింటి హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) ఒకటేనా అని చూసుకోండి. ఆ తర్వాతే డిస్కులు డబ్బాలో పెట్టండి. పోకుండా, చెడిపోకుండా తాత్కాలిక రక్షణగా ఉంచుకునే కాపీకి మన కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ దారి ఇస్తుంది, ఆ డిస్కు చేతికి సక్రమంగా వచ్చి ఉంటే. పంచిపెట్టడానికి ఇవ్వదు. నేను లాయర్‌ని కాను, లక్షన్నర బేరం కాబట్టి ఒక లాయర్‌కి చూపించండి. హక్కులు ఇప్పుడు ఎవరివో తెలిస్తే వాళ్లకి ఒక మెయిల్ పెట్టండి. ఇలాంటివి భద్రపరిచే సంస్థలు కూడా ఉన్నాయి, న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లో ‘ద స్ట్రాంగ్’ మ్యూజియం అలాంటిదే. హక్కుదారు, లాయర్ సరేనంటే అప్పుడు కలెక్టర్‌కి చెప్పండి: ‘డిస్కు మీకే. కాపీ మాత్రం నా దగ్గర, భద్రపరిచే సంస్థ దగ్గర ఉంటుంది.’ లక్షన్నర లక్ష అవుతుంది. ఎనిమిది వందల పెట్టెకి లక్ష నష్టమా తమ్ముడూ?

ప్రశ్న: మేడమ్, నేను వైట్‌ఫీల్డ్‌లో ఒక గేమ్ స్టూడియోలో టెస్టర్‌గా చేశాను. కంపెనీ మూసేసే రోజు మా లీడ్, ‘ఎవరికి కావాలి, తీసుకెళ్లండి’ అంటే ఒక హార్డ్ డిస్క్ ఇంటికి తెచ్చుకున్నాను. అందులో రెండు విడుదల కాని గేములున్నాయి. ఇప్పుడు వీటికి ఇంత గిరాకీ ఉందని తెలిసింది. అమ్మితే తప్పా?
— ఎస్., కె.ఆర్.పురం

జవాబు: అమ్మకండి. మీ లీడ్ మంచివాడే కావచ్చు, కానీ సొత్తు ఆయనది కాదు. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే అని కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. పైగా చేరేటప్పుడు సంతకం పెట్టిన ఎన్‌డీఏ (కంపెనీ రహస్యాలు బయటపెట్టనన్న ఒప్పందం) చాలావరకు కంపెనీ తలుపుతో పాటు మూతపడదు. పై ప్రశ్న అడిగిన కుర్రాడికీ మీకూ తేడా ఇదే. అతనికి అది ఎక్కడిదో తెలియదు, మీకు తెలుసు.

ఇంకో సంగతి. టెస్టర్ల హార్డ్ డిస్క్‌లో గేములొక్కటే ఉంటాయా? బగ్ లిస్టులు, అందులో ఎవరెవరి పేర్లు, మెయిళ్లు, ఎవరో పొరపాటున సేవ్ చేసిన జీతాల షీటు, టీమ్ లీడ్ కోపంలో రాసిన మాటలు. దాన్ని కొన్నవాడు ఇవన్నీ ఆనందంగా చదువుతాడు. మీ పాత సహోద్యోగుల్ని అడక్కుండా వాళ్ల సంగతులు ఎలా అమ్ముతారు?

కానీ పారేయకండి కూడా. ఒక భద్రమైన కాపీ తీసి పెట్టి, హక్కుదారు ఎవరో కనుక్కునే ప్రయత్నం చెయ్యండి. ఆలోగా డబ్బుతో పని లేనిది ఒకటి చెయ్యొచ్చు. ఆ గేముల్లో ఏ లెవెల్ ఎవరు చేశారు, ఎందుకు ఆగిపోయింది, ఏ బగ్ మీద ఎన్ని వారాలు కొట్టుకున్నారు, అంతా రాసిపెట్టండి. ఈ ఊళ్లో ధ్రువ ఇంటరాక్టివ్ అనే గేమ్ స్టూడియో 1997లోనే మొదలైంది. ఆ తర్వాత ఎన్నో స్టూడియోలు విదేశీ కంపెనీలకి బొమ్మలు గీసి, గేముల్ని ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి మార్చిపెట్టి బతికాయి. ఆ పని చేసినవాళ్ల మాటల్లో ఆ చరిత్ర ఎక్కడ రాసి ఉంది చెప్పండి? మీరు రాస్తే నాకు పంపండి, పేర్లు తీసేసి ఇదే పేజీలో వేయిస్తాను.

ప్రశ్న: సగంలో ఆగిపోయిన గేమ్‌కి లక్షలేమిటమ్మా? మా అబ్బాయి అడిగితే ఏం చెప్పాలో తెలియక రాస్తున్నాను.
— వెంకటేశ్వర్లు, అల్సూర్

జవాబు: బాబుగారూ, అబ్బాయి ఏదో కొనబోతున్నాడేమో ముందు కనుక్కోండి. లక్షలు పలికేవి నూటికి ఒకటో రెండో, మిగతావాటిని కొనేవాడే ఉండడు. ఇక విలువంటారా, పూర్తయిన గేమ్‌లో చెరిపేసినవన్నీ ఇందులో కనిపిస్తాయి. ఊరంతా బూడిదరంగు డబ్బాలే, మనుషులకి ముఖాలుండవు, తెర మూలన అంకెలు పరిగెడుతుంటాయి. ఎలా కట్టారో తెలుసుకోవాలనుకునేవాళ్లకి అదే ముఖ్యం.

ప్రశ్న: 1992 నాటి కార్ట్రిడ్జ్ ప్రోటోటైప్ అని ఒకరు నలభై వేలు చెబుతున్నారు. అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?
— ప్రవీణ్, బీటీఎం లేఔట్

జవాబు: లోపలి బోర్డు ఫొటోలు అడగండి. చిప్పు మీద చాలావరకు నాలుగంకెల తేదీ కోడ్ ఉంటుంది. 9512 అంటే 1995లో పన్నెండో వారం. 1992 గేమ్‌లో 1995 చిప్పు ఉంటే అక్కడితో బేరం ఆపేయండి. అయితే 1992 చిప్పు ఉన్నంత మాత్రాన నమ్మకండి. పాత చిప్పులు ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి, చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో అడిగితే రాసే మెషీన్ కూడా చూపిస్తారు. పాతగా కనిపించే స్టిక్కర్ తయారుచెయ్యడం ఇంకా తేలిక.

అసలుదేనని పరీక్షించి ఇచ్చే గ్రేడింగ్ సర్టిఫికెట్ ఉందంటారు. పోకెమాన్ కార్డుల ప్రోటోటైప్‌ల గొడవ గుర్తుందా? సర్టిఫికెట్ ఉన్న కార్డుల మీద కంటికి కనిపించని పసుపు చుక్కలు బయటపడ్డాయి. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు తమంతట తాము వేసే గుర్తులవి. చదివితే కొన్ని 2024లో అచ్చయినట్టు తేలింది! దాదాపు ముప్పై ఏళ్ల కిందటివని చెప్పి అమ్మారు.

అసలైన పరీక్ష లోపలి డేటాలోనే ఉంది. దాన్ని తీయించి విడుదలైన గేమ్‌తో పోల్చి చూడమనండి. అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే మీరు కొంటున్నది ప్రోటోటైప్ కాదు, మామూలు గేమ్‌నే వేరే చిప్పులో పోసింది. పత్రికల రివ్యూకి పంపిన కాపీ కావచ్చు, నిన్న రాత్రి రాసిందీ కావచ్చు. తేడాలుంటే అవేమిటో అమ్మేవాడు చూపించాలి. ‘డేటా తీస్తే విలువ పోతుంది, నమ్మి కొనండి’ అంటే మీ నలభై వేలు మీ దగ్గరే ఉంచుకోండి.