రెండు రోజుల విశాఖకు ఐదున్నర రూపాయల వడ్డీనా?

ప్రశ్న: మాది భీమవరం. రొయ్యల మేత కంపెనీలో చేస్తున్నాను, జీతం 28,000. మా ఆవిడకు ట్యూషన్ల మీద 4,000 వస్తాయి. పాప మూడో తరగతి. అద్దె, బండి వాయిదాతో కలిపి నెల ఖర్చు 28,000. బ్యాంకులో 11,400 ఉన్నాయి. దసరా సెలవుల్లో రెండు రోజులు విశాఖ వెళ్లి రుషికొండ దగ్గర రిసార్టులో ఉందామనుకుంటున్నాం. ఒక యాప్ 20,000 అప్పు ఇస్తానంటోంది. ఆరు నెలలు, నెలకు 3,850. తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. పండగల ముందు నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే, అందుకే మీ పేరు తీసేసి అందరికీ జవాబిస్తున్నాను.

మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో అడుగున చిన్న అక్షరాల్లో 'ప్రాసెసింగ్ ఫీజు 800' అని ఉంది, చూశారా? అంటే చేతికొచ్చేది 19,200. కట్టేది 23,100. ఊరి లెక్కలో చెప్పాలంటే ఇది నూటికి నెలకు ఐదున్నర రూపాయల వడ్డీ. మీ వీధిలో ఎవరైనా ఐదు రూపాయల వడ్డీకి ఇస్తానంటే గుమ్మం కూడా ఎక్కరు. ఫోన్లో రెండు నిమిషాల్లో వస్తుందనేసరికి ఎందుకు ఒప్పుకుంటున్నారు? ఏడాదికి మొత్తం ఎంత శాతం పడుతుందో యాప్ ముందే చూపించాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. మీ స్క్రీన్‌షాట్‌లో ఆ అంకె ఎక్కడా లేదు.

నాకు అసలు టెన్షన్ మీ 11,400 చూసి. రేపు జీతం ఆగితే అది పన్నెండు రోజుల ఖర్చు, అంతే. పైగా మీరున్నది రొయ్యల మీద బతికే పనిలో. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరగానే ఇక్కడ కొనేవాళ్లు ధర తగ్గించేశారు. ధర పడితే రైతు చెరువులో రొయ్య పిల్ల వేయడం ఆపుతాడు, చెరువు ఖాళీగా ఉంటే మేత అమ్ముడుపోదు, మేత అమ్ముడుపోకపోతే మీ జీతం ఆలస్యమవుతుంది. అప్పుడు నా దగ్గరకు వచ్చిన ఒకాయనకు రెండు నెలలు జీతం రాలేదు. యాప్ వాయిదా తప్పిన ప్రతిసారీ జరిమానా, బ్యాంకు బౌన్స్ చార్జీ వేరే. చివరికి అమ్మాయి చెవి కమ్మలు బ్యాంకులో పెట్టారు. ఇంట్లో రెండు నెలల ఖర్చు పక్కన ఉండి ఉంటే ఆ కమ్మలు అమ్మాయి చెవులకే ఉండేవి.

నెలకు 3,850 కట్టగలనని మీరే అంటున్నారు. ఆ డబ్బే సెప్టెంబరు నుంచి మీ కోసం కట్టుకోండి. 3,000 బ్యాంకు ఆర్డీలో (నెలనెలా కట్టే పొదుపు ఖాతా), 850 విశాఖ పేరుతో విడిగా. ఫిబ్రవరికి ఆర్డీలో 18,000, ఇప్పుడున్నదానితో కలిపి 29,400. మొదటిసారిగా మీకు ఒక నెల ఖర్చు చేతిలో ఉంటుంది. ఆ తర్వాత కూడా ఆపకండి, కనీసం మూడు నెలల ఖర్చు చేరాలి. ఆ డబ్బును ట్రిప్‌కు, ఫోన్‌కు, చీరకు ముట్టుకోవద్దు. కంపెనీ ఆరోగ్య బీమాలో పాప పేరు ఉందో లేదో కూడా ఈ వారమే అడగండి. బంగారం కుదువ పెట్టే ఆలోచన ఉంటే అదీ వద్దు.

విశాఖ మాత్రం మానుకోకండి. 850 చొప్పున ఆరు నెలలకు 5,100 అవుతాయి. బస్సులో తాడేపల్లిగూడెం వెళ్లి శనివారం ఉదయం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు. సెకండ్ సిట్టింగ్‌లో ముగ్గురికీ రానుపోను వెయ్యి లోపే. రిసార్టు బదులు ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు 1,500 లోపు గది, తిండికి 1,500, ఆటోలకు, టికెట్లకు 800. పాపకు ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి చూడటం రిసార్టు ఈతకొలను కంటే ఎక్కువ నచ్చుతుంది. దసరాకే సముద్రం చూడాలంటే పేరుపాలెం ఉంది, బండి మీద పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. ఫిబ్రవరి ఆఖరి శనివారానికైతే డిసెంబరు చివర్లో చూసుకోండి.