సాక్షిగా సమన్లు వచ్చాయి, కోర్టులో ఎవరి పని ఏమిటి?

చిత్తూరు కోర్టు నుంచి సాక్షి సమన్లు వచ్చాయని, లోపల ఎవరు ఎవరో తెలియక కంగారుగా ఉందని రాశారు. కొన్నేళ్ల కిందట నాదీ అదే పరిస్థితి. పూతలపట్టు దగ్గర ఒక లారీ మోటారు సైకిలును గుద్దడం కళ్లారా చూశాను. వాయిదా రోజున తెల్లవారుజామునే తిరుపతిలో బస్సెక్కి వెళ్లి, మధ్యాహ్నం దాకా కోర్టు వరండాలో నిలబడ్డాను.

ముందు సినిమాలను మరచిపోండి. బల్ల మీద సుత్తి ఉండదు, భగవద్గీత ఎవరూ తేరు. అటెండర్ పేరు పిలుస్తాడు. బోనులో దైవసాక్షిగా నిజమే చెబుతానని ప్రమాణం చేయిస్తారు. దేవుడి పేరు వద్దనుకుంటే చిత్తశుద్ధితో అని చెప్పవచ్చు, 1969 నాటి ప్రమాణాల చట్టం అందుకు వీలిస్తోంది. మేజిస్ట్రేటుకు ముందు, కింది బల్ల దగ్గర కాగితాల కట్టలతో కూర్చునేది బెంచి క్లర్కు. వెళ్లగానే సమన్లు ఆయనకు చూపించండి. నేను ఆ పని చేయకే వరండాలో కాళ్లు పీకేలా నిలబడ్డాను.

ఏపీపీని, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరును, నా లాయరే అనుకున్నాను. కాదు, క్రిమినల్ కేసు నడిపేది ప్రభుత్వం, ఆయన దాని తరఫు మనిషి. మామూలుగా ఆయన జవాబును మన నోట్లో పెట్టేలా ప్రశ్న వేయకూడదు. క్రాస్‌లో (ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు) ముద్దాయి లాయరుకు మాత్రం ఆ వెసులుబాటు ఉంది. "ఆ చీకట్లో మీకేమీ కనబడలేదు, అవునా?" అని గద్దించారు. ఒళ్లు మండింది గానీ, అది ఆయన వృత్తి.

అసలు కన్ను వేయాల్సింది టైపు చేసే మనిషి మీద. మనం తెలుగులో చెప్పింది మేజిస్ట్రేటు ఇంగ్లిషులో చెబుతుంటే ఆవిడ టైపు చేస్తోంది. అందుకే నిదానంగా, ముక్కలు ముక్కలుగా చెప్పండి. చివర్లో తెలుగులో చదివి వినిపించినప్పుడు "అప్పటికి చీకటి పడింది" అని వచ్చింది. నేనన్నది "చీకటి పడుతోంది" అని! ముద్దాయి లాయరు వాదనంతా ఆ ఒక్క మాట మీదే ఉంది. గొంతు పెగల్చుకుని చెప్పాను, మేజిస్ట్రేటు వెంటనే దిద్దించారు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, కోర్టులో టైపు చేసిన ఈ వాంగ్మూలం మీద ఉంటుంది. పూర్తిగా వినకుండా పెట్టకండి.

సాక్షికి బత్తా (రానుపోను ఖర్చులు) ఇప్పించే వీలు ఉంది, బెంచి క్లర్కునే అడగండి. నేను ఆ సంగతి తెలియక సొంత డబ్బుతోనే తిరుగు బస్సెక్కాను.