బాక్సింగ్‌లో ఎక్కువ గుద్దులు కొట్టినవాడు ఎందుకు ఓడిపోతాడు?

పారిస్ ఒలింపిక్స్‌లో మన బాక్సర్ నిశాంత్ దేవ్ మెక్సికో బాక్సర్ మార్కో వెర్డే చేతిలో 4-1తో ఓడిపోయాడు కదా, అసలు జడ్జీలు ఏం చూసి మార్కులేస్తారు అని అడిగారు. ఆ బౌట్ మీద వాదన ఎప్పటికీ తెగదు, దాని జోలికి పోను. కర్నూలులో కాలేజీ రోజుల్లో బాక్సింగ్ ఆడినవాణ్ణి, ఇప్పుడు పిల్లల వెంట పోటీలకు పోయి కార్నర్‌లో, అంటే రింగు మూలన వాళ్లకు సాయంగా నిలబడుతుంటాను. ఆ అనుభవంతో చెప్తున్నా.

రింగు చుట్టూ అయిదుగురు జడ్జీలుంటారు. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, మరీ ఏకపక్షమైతే 8. ఎవరి మార్కులు వాళ్లవే; 4-1 అంటే నలుగురు జడ్జీలు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు అన్నమాట. గ్లవ్‌లో మెటికలుండే భాగం ఎదుటివాడి తలకు ముందో పక్కనో, లేదంటే బొడ్డు పైన ఒంటికో తగిలితేనే అది గుద్దు. చేతుల మీద, గార్డ్ (ముఖానికి అడ్డం పెట్టుకున్న గ్లవ్‌లు) మీద పడినవన్నీ వృథా.

చిక్కంతా ఇక్కడే. గ్లవ్ మీద గ్లవ్ పడితే హాలంతా టప్పుమని మోగుతుంది. గడ్డం మీద పడే జాబ్‌కు (ముందు చేత్తో సూటిగా విసిరే గుద్దు) అంత చప్పుడుండదు, తల అర అంగుళం వెనక్కి పోతుంది, అంతే. మనోళ్లు ఈలలు వేసేది చప్పుడుకే. ఒకసారి మా పిల్లోడు మూడు రౌండ్లూ వాన కురిసినట్టు కొట్టి ఓడిపోయాడు. వాళ్ల నాయన జడ్జీల మీదికి పోబోతే మా కోచ్ సార్ ఆపి, "వాని చేతుల్ని కొడ్తే పాయింట్ యాడ పడ్తాదప్పా?" అన్నాడు. ఆయప్ప ఊరికి చేరేదాకా మాతో మాట్లాడితే ఒట్టు.

వృథా చేయకుండా కొట్టడమంటే ఏంటో తెలియాలంటే క్యూబా బాక్సర్ టియోఫిలో స్టీవెన్సన్ పాత వీడియోలు చూడండి. 1972, 76, 80 వరుసగా మూడు ఒలింపిక్ స్వర్ణాలు. ఎడమ చేత్తో దూరం కొలుస్తూ, ఎదుటివాణ్ణి దగ్గరికి రానీయకుండా, సందు దొరికినప్పుడే కుడి చెయ్యి వదిలేవాడు.

అట్లని జడ్జీలందరూ ధర్మరాజులని కాదు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ 86 గుద్దులు తగిలిస్తే కొరియా బాక్సర్‌వి 32. అయినా 3-2తో కొరియావాడే గెలిచాడు! అదే పోటీల్లో ఉత్తమ బాక్సర్ ట్రోఫీ మాత్రం జోన్స్‌కే ఇచ్చారు, ఇంతకన్నా ఎగతాళి ఉంటుందా? ఆ గొడవ తర్వాత 1992 ఒలింపిక్స్‌కు కంప్యూటర్ లెక్క తెచ్చారు. అయిదుగురిలో ముగ్గురు ఒక్క సెకనులోపు మీట నొక్కితేనే పాయింటు. దాంతో బాక్సర్లు తాకి పారిపోవడం మరిగారు, ఆట చప్పబడింది. 2013లో దాన్ని వదిలేసి ఇప్పటి 10 మార్కుల పద్ధతికి వచ్చారు.

మీరు నిశాంత్ బౌట్ మళ్లీ చూసేటప్పుడు సౌండ్ తీసేసి చూడండి. కొట్టేవాడి చేతుల్ని వదిలేసి, తినేవాడి తల మీదే కన్నేసి ఒక్కో రౌండుకూ మార్కులేసుకోండి. కామెంటేటర్ మాట వినకుండా వేసిన మార్కులు కాబట్టి, జడ్జీలతో ఎంతవరకు కలిశాయో కింద రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.