మీవారి పింఛను సరే, మీ పేరిట ఏముంది?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. బెంగళూరు రామ్మూర్తినగర్‌లో అద్దెకుంటున్నాం. మావారు ఆర్మీ. సరిహద్దులో ఒక ఆపరేషన్‌లో వెన్నెముకకు తూటా తగిలింది. నడుము కింద స్పర్శ లేదు. నూరు శాతం వైకల్యమని వార్ ఇంజురీ పింఛనుతో ఇంటికి పంపారు. ఆయనకు 34, నాకు 31, పాపకు 7 ఏళ్లు. అన్నీ కలిపి వచ్చిన 42 లక్షలు సేవింగ్స్ ఖాతాలోనే ఉన్నాయి. మామగారు హోస్కోటె వైపు సైటు కొనమంటున్నారు. బ్యాంకులో ఒకరు ఏడాదికి 5 లక్షలు కట్టే పాలసీ తీసుకోమంటున్నారు. పింఛను బాగానే వస్తోంది కదా, మీకేం టెన్షన్ అని అందరూ అంటున్నారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేసి మానేశాను. మళ్లీ వెళ్లొచ్చా?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందరూ ‘టెన్షన్ లేదు’ అంటున్న చోటే అసలు పని ఉంది. ముందు ఆ లెక్క చూద్దాం.

లెక్క తేలిగ్గా ఉండటానికి మీవారి ఆఖరి జీతం నెలకు 40 వేలనుకోండి. యుద్ధ గాయంతో సర్వీసు నుంచి పంపేసిన వారికి పింఛనులో ఉద్యోగానికిచ్చే భాగం, అంటే సర్వీస్ ఎలిమెంట్, ఆ జీతంలో సగం, 20 వేలు. నూరు శాతం వైకల్యానికి, గాయానికిచ్చే భాగం, అంటే వార్ ఇంజురీ ఎలిమెంట్, పూర్తి జీతమంత, 40 వేలు. మొత్తం 60 వేలు, దానిమీద డీఏ. ఇలా గాయపడి బయటికొచ్చిన వారికి ఈ రెండు భాగాల మీదా ఆదాయపు పన్ను లేదు. దేశం ఇవ్వాల్సిందే ఇస్తోంది, అందులో దయాదాక్షిణ్యాల మాటేమీ లేదు.

కానీ ఈ 60 వేలు ఆయన ఊపిరితో ముడిపడి ఉంది. ఈ మాట రాయడానికి నాకూ కష్టంగానే ఉంది, అయినా మీతో దాచకూడదు. ఆయన తర్వాత మీకొచ్చే సాధారణ ఫ్యామిలీ పింఛను ఆఖరి జీతంలో 30 శాతం. మన లెక్కలో 12 వేలు, దానిమీద డీఏ. మొదట ఏడేళ్లు, లేదా ఆయనకు 67 ఏళ్లు నిండాల్సిన తేదీ దాకా, ఏది ముందైతే అది, 50 శాతం చొప్పున ఇస్తారు. ఆ గాయం వల్లే పోయారని తేలితే 60 శాతం స్పెషల్ ఫ్యామిలీ పింఛను అడగొచ్చు, కానీ దానికి షరతులున్నాయి, కాగితాలతో రుజువు చేయాలి. ఎటు చూసినా ఇంటి ఆదాయం ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే ఇవాళ్టి పింఛనులో మిగిలే ప్రతి రూపాయీ మీ ముసలితనానికి పనికొచ్చేలా దాచాలి.

ఈ వారమే పీపీవో, అంటే పింఛను మంజూరు ఉత్తర్వు, బయటికి తీయండి. అందులో ‘వార్ ఇంజురీ’ అని ఉందా, మామూలు ‘డిసెబిలిటీ’ అని ఉందా చూడండి. మామూలుదైతే నూరు శాతానికి కూడా ఆ భాగం జీతంలో 30 శాతమే. పొరపాటు ఉంటే ముందు అప్పీలు, అక్కడ తేలకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్. తర్వాత కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్, అంటే చూసుకునే మనిషి కోసం ఇచ్చే భత్యం. నూరు శాతం వైకల్యం ఉండి, ఎప్పుడూ పక్కన మనిషి ఉండాలని మెడికల్ బోర్డు రాస్తే ఇది వస్తుంది. 2017 జులైలో దీన్ని నెలకు 6,750 రూపాయలు చేశారు, డీఏ 50 శాతం పెరిగినప్పుడల్లా పావు వంతు పెరిగేలా పెట్టారు. అది మీకు వస్తోందో లేదో ఉత్తరంలో రాయలేదు. రాకపోతే అడగండి, ఆ మనిషి మీరే కాబట్టి.

ఇంకొకటి. మన తెలుగువాళ్ల పేర్లతో పెద్ద తంటా. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఆర్మీ రికార్డులో వెనక, బ్యాంకులో పొడి అక్షరం. మీ పేరూ పాప పేరూ పుట్టిన తేదీలూ పీపీవోలో, రక్షణ శాఖ పింఛన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో ఒకేలా ఉన్నాయా చూసుకోండి. ఆయన ఉండగా దిద్దించుకుంటే ఒక అర్జీతో పోతుంది. తర్వాతైతే నెలల తరబడి తిరగాలి.

ఇక 42 లక్షలు. సైటు వద్దు. మామగారి మనసు నొప్పించకుండా చెప్పండి, ‘అవసరానికి అమ్ముడుపోదు, అద్దె రాదు’ అని. డబ్బు కంటే నాకు ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. నా దగ్గరికొచ్చే ఇలాంటి కుటుంబం ఒకటి సొంత ఫ్లాటు కొనుక్కుంది. గృహప్రవేశం రోజున వీల్‌చెయిర్ బాత్‌రూం గుమ్మంలో ఇరుక్కుపోయింది. ఆయన పిడికిళ్లు గుమ్మానికి రాసుకుని తోలు లేచిపోయింది, పక్కన పురోహితుడు నిలబడి ఉన్నాడు. ఆ తలుపు పగలగొట్టి వెడల్పు చేయించారు. ఇల్లు కొనే రోజు వచ్చినప్పుడు చేతిలో టేపు పెట్టుకుని వెళ్లండి. బాత్‌రూం తలుపు 36 అంగుళాలు, గడప లేకుండా, లిఫ్టుకు జనరేటర్. గాలిపరుపు మోటారుకు ఇంట్లో యూపీఎస్ ఉండాలి. కరెంటు పోయి పరుపు చప్పబడితే పుండ్లు పడతాయి, ఒక్క పుండు మానడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా సైనిక కమాండ్ హాస్పిటల్‌కీ, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌కీ దగ్గర్లో గ్రౌండ్ ఫ్లోర్ అద్దె ఇల్లే మేలు.

పాలసీ కూడా వద్దు. బీమానూ పొదుపునూ కలిపిన పాలసీలో బీమా చాలదు, పొదుపూ పెద్దగా పెరగదు. మధ్యలో ఆపితే నష్టం. 6 లక్షలు రెండు బ్యాంకుల్లో సగం సగం ఎఫ్‌డీ వేయండి. ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుంది. 3 లక్షలు పరుపు, యూపీఎస్, మంచి వీల్‌చెయిర్‌కి ఉంచండి. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కం స్కీంలో జాయింట్ ఖాతాకు 15 లక్షల వరకు పెట్టొచ్చు, పెట్టండి. మిగిలిన 18 లక్షలు నెలకు లక్ష చొప్పున ఏడాదిన్నర పాటు ఇండెక్స్ ఫండ్‌లోకి (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) పంపండి, మీ పేరు మీద, ఇరవై ఏళ్లు కదపకుండా. ఆయన డబ్బు మీ పేరిట పెట్టినా పన్ను లెక్కలో రాబడి ఆయనదిగానే చూస్తారు. పింఛనుకు పన్ను లేదు గనుక ఆ భారం తక్కువే. పాపకు పదేళ్లు రాలేదు, సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి నెలనెలా పింఛనులోంచి కట్టండి. పాప ట్యూషన్ ఫీజు, బడి బస్సు ఖర్చులకు, యుద్ధంలో గాయపడిన వారి పిల్లలకిచ్చే విద్యా రాయితీ ఉంది. సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో అడగండి.

మీవారికి కొత్తగా టర్మ్ పాలసీ, అంటే పొదుపు కలవని ఉత్త జీవిత బీమా, దొరకడం కష్టం. కానీ మీకే ఒక టర్మ్ పాలసీ ఉండాలి. రాత్రి రెండు గంటలకోసారి లేచి ఆయన్ని పక్కకు తిప్పేది మీరు. మీకేదైనా అయితే ఆ పనికి షిఫ్టుకొకరు చొప్పున జీతాలిచ్చి మనుషుల్ని పెట్టాలి. మీరు ఇంట్లో ఉంటే ఎక్కువ కవర్ ఇవ్వడానికి కంపెనీలు ఒప్పుకోవు, జీతం చూపిస్తే ఇస్తాయి.

ఉద్యోగం మాట చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. నాకైతే మీ ఉత్తరంలో అదే ముఖ్యమైన ప్రశ్న. వెళ్లండి అమ్మా. బడి వేళలకు ఒక అటెండర్‌ని పెట్టండి, అటెండెన్స్ అలవెన్స్ ఉన్నదే అందుకు. జీతం అటెండర్‌కే సరిపోయినా వెళ్లండి. మీ పేరిట పీఎఫ్ మొదలవుతుంది, టర్మ్ పాలసీకి దారి దొరుకుతుంది. మీవారి వయసు కూడా 34 ఏళ్లే. 1917లో వికలాంగ సైనికుల కోసమే పెట్టిన, ఇప్పుడు పుణె దగ్గర కిర్కీలో ఉన్న క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సులున్నాయి. ఆ ఊళ్లోనే నడుము కింద చచ్చుబడిన సైనికుల కోసం పారాప్లెజిక్ రిహాబిలిటేషన్ సెంటరూ ఉంది. వెళ్తారో లేదో ఆయనిష్టం, కానీ ఈ కబురు ఆయన చెవిన వేయండి. డబ్బు లెక్కలు వేసేటప్పుడు కూడా ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకోండి, సంతకానికి మాత్రమే పిలవకండి.

కొత్త విద్యా సంవత్సరానికి బళ్లలో ఖాళీలు వేసవి సెలవులకు ముందే పడతాయి. మీ బీఈడీ సర్టిఫికెట్ ఎక్కడుందో ఇవాళే వెతికి పెట్టుకోండి.